గింజలు కక్కిన నీళ్ళు

బెల్లంపల్లిలో సముద్రం ఉందంటే ఎవరైనా నవ్వుతారు. కానీ వినోద ఇంటి ముందుగదిలో నిజంగానే ఒక చిన్న సముద్రం ఉంది. పెద్ద అద్దాల పెట్టె, ఉప్పునీళ్ళు, నీలం లైటు, లోపల రాళ్ళ మీద పువ్వుల్లా విచ్చుకుని ఊగే పగడాలు. దాన్ని కట్టింది ఆమె భర్త నరేశ్. షార్జాలో అక్వేరియం దుకాణంలో ఏళ్ళ తరబడి పనిచేసి, అందరూ బంగారమో టీవీనో పట్టుకొస్తే, అతను ఈ పిచ్చి పట్టుకొచ్చాడు. అత్త రామవ్వ "కూరకు రాని చాపలకు గింత సేవనా" అని సణుగుతూనే, పొద్దున లేవగానే ఆ పెట్టెకు ఒక దండం పెట్టుకునేది.

ఎండాకాలంలో నరేశ్ పోయాడు. మంచిర్యాల నుంచి బండి మీద వస్తుంటే లారీ గుద్దింది. ఇంటికి మొహం కూడా సరిగ్గా రాలేదు. మిగిలింది పెట్టె ఒక్కటే. వినోద దాన్ని పట్టుకుని వేలాడింది. అది బతికున్నన్నాళ్ళూ అతను ఇంట్లోనే ఉన్నట్టు, అది చస్తే అతను ఇంకోసారి చచ్చినట్టు. ఎవరికీ చెప్పలేదు గానీ ఆమె లెక్క అదే.

అయితే సముద్రాన్ని సాకడం కోళ్ళను సాకినంత సులువు కాదు. చేపల మేత, వాటి మురికి, అంతా కలిసి నీళ్ళలో ఫాస్ఫేట్ అనేది పెరుగుతుంది. అది పెరిగితే పాచి పడుతుంది, పగడం చస్తుంది. దాన్ని పీల్చుకోవడానికి పక్కనే ఒక గొట్టంలో తుప్పురంగు గింజలుంటాయి. పీల్చి పీల్చి వాటి కడుపు నిండితే పారేసి కొత్తవి వేయాలి. కొత్తవి ఈ చుట్టుపక్కల ఎక్కడా దొరకవు. అందుకే నరేశ్ ఆమెకొక కిటుకు నేర్పాడు. కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళలో నానబెడితే గింజలు తాగిందంతా కక్కేస్తాయి. బాగా కడిగి మళ్ళీ గొట్టంలో పోసుకోవచ్చు. "గింజలను కక్కిచ్చుడు" అని దానికి పేరు పెట్టి, పెట్టుకున్న పేరుకు తనే నవ్వుకునేవాడు.

అతను పోయినప్పటి నుంచి ఫాస్ఫేట్ ఊరికే పెరుగుతోంది. పరీక్ష నీళ్ళలో చుక్కలు వేస్తే చాలు, సిరా పోసినట్టు నీలం. మేత తగ్గించింది, నీళ్ళు మార్చింది, గింజలను పదే పదే కక్కించింది. అయినా తగ్గదు. ఎందుకు తగ్గదో వినోదకు తెలుసు.

నరేశ్ పోయిన మూడోనాడు పిట్టకు కూడు పెట్టడానికి అందరితో పాటు ఆమె కూడా వైకుంఠధామం అనే శ్మశానానికి పోయింది. రేకుల కింద చితి కాలిన గద్దె దగ్గర పెద్దవాళ్ళు కుండలోకి బొక్కలు, కాలగా మిగిలిన ఎముకలు, ఏరారు. తర్వాత విస్తరి పెట్టి, కాకి వస్తుందేమోనని అందరూ చెట్ల వైపు మొహాలు తిప్పారు. కుండ సాయంత్రానికల్లా గోదావరిలో కలిసిపోతుంది. ఇక నరేశ్‌ది అంటూ ఏమీ ఉండదు. ఆ సంగతి వినోద గుండెకు పట్టలేదు. అందరికీ వీపు తిప్పి, వంగి, చేతికందిన బూడిద, రెండు బొక్క ముక్కలు కొంగులో ముడేసుకుంది. ఇంటికొచ్చి, తలుపేసి, పెట్టెలో కలిపేసింది. ఆ రోజు కాకి ఎంతసేపటికీ విస్తరి ముట్టలేదు. రామవ్వ ఇప్పటికీ ఆ మాటే తలుచుకుని ఏడుస్తుంది. "నా కొడుకు మనసు దేని మీదనో ఆగిపోయింది బిడ్డా."

బొక్కల్లో ఉండేది కూడా ఫాస్ఫేటేనని ఒకప్పుడు నరేశే చెప్పాడు. అంటే పగడాలను చంపుతున్నది అతనే. గింజలు తాగుతున్నదీ అతన్నే. అందుకే కక్కించిన నీళ్ళు మోరీలో పోయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. క్యాన్లలో నింపి, మూతలు బిగించి, పెరటి వసారాలో గోడవారన వరుసగా పెట్టుకుంది. వాటి దగ్గర నిలబడితే బీడీ వాసన వచ్చేది. నరేశ్ బీడీ ముట్టి ఎరగడు. షార్జాలో ఏమేం నేర్చుకున్నాడో ఎవరు చూశారులే అని సర్దిచెప్పుకుంది. మనసుకు కావాల్సింది దొరికితే మనిషి దేనికైనా సర్దిచెప్పుకుంటాడు.

వానాకాలంలో ఒక సాయంత్రం ముసురు పట్టింది. కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద మోటారు ఒక్కటే మూలుగుతోంది. పెట్టెలో చివరికి మిగిలిన పగడం, నరేశ్ అన్నిటికంటే ముందు తెచ్చుకున్నది, అంచుల నుంచి తెల్లబడుతోంది. వినోద గింజలన్నీ బకెట్‌లోకి ఒంపుకుని పెరటి వసారాలోకి పరుగెత్తింది. ఎప్పుడూ వేసేదానికంటే కాస్టిక్ సోడా బాగా ఎక్కువ వేసింది. నీళ్ళు చేత్తో ముట్టలేనంత వేడెక్కాయి. తడి ఇనుము వాసన, సోడా ఘాటు... వాటి కింద నుంచి సన్నగా బీడీ వాసన.

రేకుల మీద వాన. బకెట్‌లో చిటపట. ఆ చిటపటలోంచి ఒక ఊపిరి...

"మండుతున్నది..."

వినోద ఒక్క ఉదుటున బకెట్ మీదికి వంగింది. భయంతో కాదు, సంతోషంతో.

"బావా... నువ్వేనా?"

"మండుతున్నది... నీళ్ళు పొయ్యి..."

"పోస్తున్న. జర ఓర్సుకో బావా." ఏడుస్తూనే చెంబులకు చెంబులు పోసింది. ఇన్నాళ్ళూ కాస్టిక్‌లో వేసి ఉడకబెట్టింది ఇతన్నేనా అనుకుంటూ ఇంకో చెంబు ముంచింది.

"ఇంక పొయ్యి... ఇంక పొయ్యి కిష్టవ్వా..."

చెంబు గాలిలోనే ఆగింది.

గొంతు ఎండిపోయి, గరగరమని... ముసలి గొంతు. నరేశ్‌ది కాదు.

వినోదకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ రేకుల కింద గద్దెలు రెండు. నరేశ్ కంటే ముందురోజు రెండో గద్దె మీద ఎవరో ముసలాయనను కాల్చారు. ఆ బూడిద ఎత్తడానికి ఎవరూ రాలేదు. తనవాళ్ళకు వీపు తిప్పి వంగినప్పుడు ఆమె ముందున్నది... ఆ రెండో గద్దె.

అంటే నరేశ్ లేడు. ఇంట్లో లేడు, పెట్టెలో లేడు, ఈ నీళ్ళలో లేడు. ఏనాడో గోదావరిలో కలిసిపోయాడు. భయం కంటే ముందు ఆ దుఃఖమే ఆమెను కూలదోసింది. కొంగు నోట్లో కుక్కుకుని వసారాలో చతికిలపడింది.

"కిష్టవ్వా..."

"నేను కిష్టవ్వను కాను."

బకెట్‌లో చిటపట ఆగింది.

"మరి... నువ్వెవ్వరివి?"

వినోద పిరుదుల మీదనే వెనక్కి జరిగింది. వీపుకు చల్లగా ఏదో తగిలింది. క్యాను. దాని లోపలి నుంచి అదే గొంతు, చెవి పక్కనే, మెల్లగా...

"ఇన్నొద్దులు ఇంట్ల పెట్టుకున్నవ్. పారబొయ్యలే. కాలువల కలుపలే. పేరు చెప్పవా బిడ్డా?"

ఆమె రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. చెప్పకూడదు. ఎందుకో తెలియదు గానీ, చెప్పకూడదని మాత్రం ఒళ్ళంతా అరుస్తోంది. తెల్లారనీ... ఈ క్యాన్లన్నీ ఆటోలో వేసుకుని గోదారికి... అన్నీ... ఒక్క చుక్క మిగలకుండా...

లోపలి గదిలోంచి రామవ్వ కేకేసింది.

"వినోదా, చీకట్ల ఎవ్వరితోని మాట్లాడుతున్నవే?"

పేరు బయటపడిపోయింది.

"వినోదా..." అంది బకెట్.

"వినోదా..." అంది వీపు వెనక క్యాను. దాని పక్కది. ఆ పక్కది. ఒకదాని తర్వాత ఒకటి, నోట్లో ఆ పేరును తిప్పి తిప్పి రుచి చూస్తున్నట్టు. ఒక్కో క్యాను దాటేకొద్దీ గరగర తగ్గింది. ముసలితనం తగ్గింది. గోడ చివరి క్యాను దగ్గరికి వచ్చేసరికి... అది అచ్చంగా నరేశ్ గొంతు.

"వినోదా, తలుపు తియ్యవా? తడుస్తున్న."

అతను కాదు. అతను కాదని ఆమెకు తెలుసు. తెలిసీ, ఆ గొంతు చెవిన పడగానే లోపల ఏదో కరిగిపోయింది. ఒక్కసారి 'ఓ' అని పలికితే ఏం పోయిందనిపించింది. పెదవులు కొరుక్కుని ఊరుకుంది. నెత్తురు ఉప్పగా తగిలింది.

కానీ ఆ గొంతు విన్నది ఆమె ఒక్కతే కాదు.

లోపల మంచం కిర్రుమంది. గోడ పట్టుకుంటూ, కాళ్ళీడ్చుకుంటూ రామవ్వ గడప దాకా వచ్చింది. చేతిలో సెల్లు లైటు. ముడతలు పడ్డ ఆ మొహంలో, ఎండాకాలం నుంచి వినోద చూడని నవ్వు.

"నరేశా... వచ్చినవా బిడ్డా? గంత వానల నిలవడ్డవేంది? లోపలికి రా."

"వద్దత్తా... పిలువకు..." వినోద మాట వాన చప్పుడులో కలిసిపోయింది.

రామవ్వ ఆమె వైపు చూడనే లేదు. బకెట్ వైపూ చూడలేదు. లైటు వినోద తల వెనక్కి ఎత్తి పట్టుకుంది. నవ్వుతూ మెల్లగా మెడ ఎత్తింది. ఇంకా ఎత్తింది. వసారా రేకులను తాకేంత పైకి చూస్తూ ఆగింది.

నరేశ్ అంత పొడుగు మనిషి కాదు.