ధ్రువీకరించని ఇష్టం

"డబ్బులు తీసుకోకపోతే నేను తినను," అంది నెరిస్సా.

"డబ్బులిస్తే నేను పెట్టను," అన్నాడు జోవెన్.

ఇద్దరి మధ్యా బల్ల మీద పళ్లెం నిండా ఆల్చిప్పలు పొగలు కక్కుతున్నాయి. పక్కన గిన్నెలో మిరపకాయలు నానిన కొబ్బరి వెనిగర్. అప్పుడే ఉడికించి దింపినవి. ఆ వాసనకి నెరిస్సా కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి కానీ మొహం మాత్రం బిగించి కూర్చుంది.

లోపల్నుంచి జోవెన్ తల్లి, ఊరంతా అమ్మా అన్నట్టు నానాయ్ అని పిలిచే లూదీ, గరిటెతో సహా బయటికొచ్చింది.

"ఏంటమ్మాయ్, మా వంటలో పురుగులేమైనా కనపడ్డాయా?"

"అయ్యో, అది కాదు నానాయ్! మా ఆఫీసులో రూలు. వార్త కోసం వెళ్ళిన చోట మంచినీళ్ళు తప్ప ఏదీ ఊరికే పుచ్చుకోకూడదు."

"మంచినీళ్ళని మాత్రం ఎందుకు వదిలేశారు?"

"దాహానికి రూలు పెట్టడం వాళ్ళ వల్ల కాలేదు," అన్నాడు కెమెరామన్ పిద్యోంగ్. అతన్ని అందరూ పెద్దన్న అన్నట్టు మానోంగ్ అంటారు. అప్పటికే ఆరో చిప్ప తింటున్నాడు. "నేను ముందే డబ్బులిచ్చేశాలే ఇందాయ్, చెల్లెమ్మా. నువ్వు నిదానంగా పోట్లాడుకో."

జోవెన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సముద్రంలో ఆల్చిప్పలు పెంచే రైతు, మోకాళ్ళ దాకా బురద, నెత్తిన వెదురు టోపీ. "అయితే ఇది లంచమంటారు."

"లంచమని కాదు..."

"ఆల్చిప్పలు తిని మీరేం రాస్తారండీ? శాంటా ఇనెస్‌లో సముద్రం తియ్యగా ఉందనా?"

నెరిస్సాకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది కానీ ఆగలేదు. ఆ నవ్వు చూసి జోవెన్ డబ్బులు తీసుకున్నాడు. ఆమె మొదటి పళ్లెం ఖాళీ చేసి, ఏమీ ఎరగనట్టు రెండోది కూడా తెప్పించుకుంది.

హబగాత్ టీవీ చిన్న చానెల్. శాంటా ఇనెస్ రేవుకీ చుట్టుపక్కల ఊళ్ళకీ అదే దిక్కు. రోజూ సాయంత్రం ఆరింటికి అరగంట వార్తలు. గురువారం మాత్రం చివర్లో ఐదు నిమిషాలు "సముద్రం కబుర్లు". ఆ ఐదు నిమిషాల కోసం నెరిస్సా రెండేళ్ళు పోరింది. ఆమె నాన్న జాలరి. వలలు, పడవలు, పీతలు, తుఫాన్లు ఊళ్ళో అందరి బతుకూ అయినప్పుడు అవి వార్తలెందుకు కావని అడిగీ అడిగీ, ఆఖరికి న్యూస్ డైరెక్టర్ మేడం ఫిలోమెనాని విసిగించి సాధించుకుంది.

ఆ తర్వాత ప్రతి గురువారం ఏదో ఒక వంకన రేవు దగ్గరే వార్త దొరికేది.

ఒకసారి జోవెన్ స్టేషన్‌కి బుట్టెడు మామిడిపళ్ళు పంపాడు. అవి ఏ ట్రైసికిల్ ఆటోలో వచ్చాయో అదే ఆటోలో తిరిగెళ్ళాయి. మరుసటి వారం ఉత్త చేతులతో ఎదురొచ్చాడు.

"ఈసారి తినేది కాదండీ. వార్త. తీసుకుంటారా?"

"నిజమో కాదో కనుక్కుని తీసుకుంటాం."

"మనుషుల్ని కూడా అలాగే కనుక్కుని తీసుకుంటారా?"

నెరిస్సా నోట్‌బుక్‌లో తల దూర్చేసింది. ఆ పేజీలో అప్పటికి ఏమీ రాసి లేదు.

జులైలో ఒక రోజు, వెదురు తెప్పల మీద షూటింగ్ చేస్తుంటే వాన విరుచుకుపడింది. మానోంగ్ పిద్యోంగ్ కెమెరాని గుండెలకి హత్తుకుని పడవలో దూరాడు. జోవెన్ తన రెయిన్‌కోటు విప్పి ఆమె భుజాల మీద వేశాడు. తను మాత్రం వానలో నిలబడి, తెప్పకి చిప్పలు ఎలా అంటుకుంటాయో వివరంగా చెబుతూనే ఉన్నాడు. నీళ్ళు కనురెప్పల మీంచి, ముక్కు మీంచి కారుతున్నాయి. నెరిస్సా ఒక్క ముక్క వినలేదు. మర్నాడు ఆ కోటుని ఆరబెట్టి మడిచి తిరిగిచ్చేసింది.

"ఇంత పొందిగ్గా మడిచారంటే దీన్ని తొడుక్కోవాలో, దాచుకోవాలో తెలియడం లేదు," అన్నాడు జోవెన్.

ఇద్దరూ అంతకుమించి ఒక్క మాటా ముందుకెళ్ళలేదు.

సెప్టెంబరులో ఒక శుక్రవారం, పక్క ఊళ్ళో పసిబిడ్డ నామకరణం విందు జరిగింది. సాయంత్రానికి పధ్నాలుగు మంది వాంతులతో ఆస్పత్రిలో చేరారు. విందులో ఆల్చిప్పలున్నాయి. అవి జోవెన్ తెప్పల మీద పెంచినవి.

శనివారం పొద్దున్నకల్లా ఎవరో ఫేస్‌బుక్‌లో అతని ఫొటో పెట్టి, విషం అమ్మినవాడని రాసేశారు. నానాయ్ లూదీ దుకాణం ముందు ఒక్క బేరం లేదు. నెరిస్సా కెమెరాతో వెళ్ళేసరికి జోవెన్ ఖాళీ బల్లల మధ్య కూర్చుని ఉన్నాడు. ఆమెని చూడగానే అతని మొహం వెలిగింది. మైకు చూడగానే ఆరిపోయింది.

"మీరు కూడానా?"

"నేను అడక్కపోతే మీ మాట ఎవరూ వినరు జోవెన్."

"మీకు నేను తెలుసు."

"తెలుసు కాబట్టే సరిగ్గా అడగాలి."

అతను తల ఊపాడు. అడిగినవాటికన్నింటికీ సూటిగా జవాబు చెప్పాడు. ఆ చిప్పలు ఎప్పుడు తీశాడో, ఎవరికిచ్చాడో, ఎన్ని ఇచ్చాడో చెప్పాడు. ఆరోగ్యశాఖవాళ్ళు పొద్దున్నే వచ్చి నమూనాలు పట్టుకెళ్ళారని చెప్పాడు. ఆఖర్న, "అయిపోయిందా అండీ?" అన్నాడు. ఈసారి ఆ "అండీ" ఆమెకి ముల్లులా గుచ్చుకుంది.

స్టేషన్‌కొచ్చి నెరిస్సా ఎడిటింగ్ గదిలో టేపు మొదట్నుంచి చివరిదాకా చూసుకుంది.

ఒక ప్రశ్న లేదు. అన్నిటికంటే ముఖ్యమైనది. అమ్మేముందు చిప్పల్ని శుభ్రమైన నీళ్ళలో ఒక రోజంతా ఉంచావా, లేదా? నోట్‌బుక్‌లో మొదటి వరుసలోనే రాసుకుంది. అడగలేదు. మరిచిపోయింది కూడా కాదు. "లేదు" అంటాడేమోనని భయపడి దాటేసింది.

సరాసరి మేడం ఫిలోమెనా గదికి వెళ్ళింది.

"మేడం, ఈ వార్త నేను చెయ్యకూడదు. మన ఇంకో విలేకరి బసిలియోకి ఇవ్వండి."

మేడం ఫిలోమెనా కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూసింది. అరవయ్యేళ్ళ మనిషి. ఊళ్ళో మేయర్లు మారారు కానీ ఆ కుర్చీ, ఆ చూపు మారలేదు.

"ఎందుకు?"

"ఒక ప్రశ్న మింగేశాను."

"ఎందుకు మింగావు?"

ఆవిడ ఫోన్ తీసి బల్ల మీద ముందుకి జరిపింది. తెర మీద ఫొటో ఉంది. రేవు దుకాణంలో నెరిస్సా పళ్లెం ముందు కూర్చుని నవ్వుతోంది. ఎదురుగా జోవెన్. కింద ఎవరో రాశారు: హబగాత్ టీవీ ఎవరిని కాపాడుతోందో చూడండి.

"నేను డబ్బులిచ్చే తిన్నాను మేడం."

"తెలుసు. రసీదు కాదు నేనడిగేది. ఊరు ఒక ప్రశ్న వేసింది. మనం అందర్నీ ప్రశ్నలడిగి, మన వంతు వచ్చేసరికి తలుపేసుకుంటే ఎలా? ఇవాళ వార్తలో చెప్పేద్దాం. నువ్వే రాయి."

నెరిస్సా కూర్చుని రాసింది. "ఆల్చిప్పల రైతుతో సన్నిహిత సంబంధం ఉన్న కారణంగా మా విలేకరి..."

"సన్నిహిత సంబంధమా?" అంది మేడం. "ఉందా?"

"అంటే... లేదండీ."

"మరి లేనిది ఎందుకు రాశావు?"

కొట్టేసి మళ్ళీ రాసింది. "వ్యక్తిగత కారణాల వల్ల..."

"జ్వరమొచ్చినా వ్యక్తిగత కారణమే. నీకు జ్వరమా?"

"కాదు మేడం."

"ఏమిటో సూటిగా, చిన్న మాటలో చెప్పు. చేపలమ్మే ముసలావిడకి కూడా అర్థమవ్వాలి."

నెరిస్సా కిటికీలోంచి బయటికి చూసింది. వాన పడుతోంది. "నాకు అతనంటే ఇష్టం," అంది.

"అతనికి?"

"తెలియదు."

"అడిగావా?"

"లేదు."

"ఇప్పుడు అడుగుతావా? అతను తలమునకలయ్యే కష్టంలో ఉన్నాడు. ఇలాంటి రోజున పోయి, నేనంటే ఇష్టమా అని అడుగుతావా?"

"చచ్చినా అడగను మేడం!"

"మరయితే నీ సంగతి నీ వరకే రాయి. తెలియనిది తెలియదని రాయి." ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. గొంతు కాస్త మెత్తబడింది. "రేపు ఆ చిప్పల్లోనే విషం ఉందని తేలిందనుకో, ఊరంతా నిన్ను ఆడిపోసుకుంటుంది. వద్దంటే ఇప్పుడే చెప్పు. బసిలియోకి ఇచ్చేసి ఊరుకుంటాను, గాలివార్తల్ని నేను చూసుకుంటాను."

నెరిస్సా మళ్ళీ రాసిన కాగితం ఆవిడ చేతిలో పెట్టింది.

బసిలియో వెళ్ళి ఆ మింగిన ప్రశ్న అడిగొచ్చాడు. అతను సొంత అమ్మమ్మ వయసుకి కూడా రుజువులు అడిగే రకం. జోవెన్ రోజంతా నీళ్ళలో ఉంచానన్నాడు. ఉంచిన తొట్టి చూపించాడు. రాసుకున్న పుస్తకం చూపించాడు. ఆరింటికి వార్తలు మొదలయ్యాయి. ఏం తేలిందో, ఏం తేలలేదో చదివాక, న్యూస్ రీడర్ ఇంకో కాగితం తీసింది. వాతావరణం చదివే గొంతుతోనే చదివింది.

"ఈ వార్త నుంచి మా విలేకరి నెరిస్సా తనంతట తాను తప్పుకున్నారు. జోవెన్ అంటే ఆమెకు ఇష్టం కావడం అందుకు కారణం. ఈ సంగతి ఆయనకు ఇంతవరకు తెలియదు. ఆయన అభిప్రాయం మాకు తెలియదు. రేపటి వాతావరణం..."

నెరిస్సా మేకప్ గదిలో తువ్వాలు నెత్తిన కప్పుకుని కూర్చుంది. మానోంగ్ పిద్యోంగ్ తలుపు కొట్టాడు.

"ఇందాయ్, మా ఆవిడ ఏడుస్తోందట. సంతోషంతో. ఫోన్ చేసింది."

"మానోంగ్, దయచేసి నన్ను కాసేపు ఒంటరిగా వదిలెయ్యి."

"నువ్వు ఇక ఒంటరిగా ఎక్కడున్నావు? పన్నెండు ఊళ్ళకి తెలుసు."

నిజంగానే తెలిసింది. ఆదివారం చర్చిలో ఫాదర్ కూడా ఆమె వంక చూసి దగ్గాడు. కూరల మార్కెట్లో ఒకావిడ, "ఆయన అభిప్రాయం తెలిసిందా అమ్మా?" అని అడిగింది. తెలియలేదు. జోవెన్ నుంచి ఫోన్ రాలేదు. మెసేజ్ లేదు. సోమవారం కూడా లేదు. చిప్పల కంటే ఈ మౌనమే విషమనిపించింది నెరిస్సాకి. కోపమొచ్చిందేమో. నవ్వుకున్నాడేమో. అసలే కష్టంలో ఉన్నవాణ్ణి నలుగురిలో నిలబెట్టానేమో.

మంగళవారం ఫలితాలొచ్చాయి. ఆల్చిప్పల్లో ఏ దోషమూ లేదు. విందులో లేత కొబ్బరి సలాడ్‌ని ఎండలో ఐదు గంటలు మూత పెట్టి ఉంచారు. అది పాడైంది. పధ్నాలుగు మందీ కోలుకుని ఇళ్ళకెళ్ళారు. ఆ సాయంత్రం హబగాత్ టీవీ ఆ వార్తనే అన్నిటికంటే ముందు చదివింది.

వార్తలయిన పావుగంటకి, స్టేషన్ తలుపు తోసుకుని ఒక తడిసిన మనిషి వచ్చాడు. వెనకాలే పువ్వుల గొడుగుతో నానాయ్ లూదీ.

"ఫిర్యాదు చెయ్యాలి," అన్నాడు జోవెన్. నెరిస్సా వైపు చూడలేదు. మేడం ఫిలోమెనా వైపే చూశాడు. "మీ వార్తల మీద."

నెరిస్సా అలవాటు కొద్దీ నోట్‌బుక్ అందుకోబోయింది.

"నువ్వు రాయడానికి వీల్లేదు," అంది మేడం. "బసిలియో, నువ్వు రాసుకో. చెప్పు బాబూ."

"శనివారం నా గురించి ఒక మాట చెప్పారు. చెప్పేముందు నన్ను అడగలేదు. ఒకవైపు మాటే చెప్పేసి ఊరుకోవడం తప్పు కదండీ?"

"తప్పే. నీ మాటేమిటి?"

జోవెన్ అప్పుడు తిరిగాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. "నాకూ ఇష్టమే," అన్నాడు.

గదిలో ఎవరో కుర్చీ పడగొట్టారు. బసిలియో మాత్రం తల ఎత్తలేదు.

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు రెండో పళ్లెం అడిగినప్పట్నుంచి."

"సాక్షులు?"

"నేనున్నాను నాయనా!" అంది నానాయ్ లూదీ. "గురువారం వస్తే వీడు పొద్దున్నే గడ్డం గీసుకుంటాడు. బురదలో దిగేవాడికి గడ్డమెందుకయ్యా? శనివారం నుంచి నేను తిడుతూనే ఉన్నాను, ఆ పిల్లకి ఫోన్ చెయ్యరా అని. వింటేనా!"

"ఎందుకు చెయ్యలేదు?" ఆ ప్రశ్న బసిలియోది కాదు. నెరిస్సాది.

"ఫలితం రాకముందు మీతో మాట్లాడితే, ఇద్దరూ కూడబలుక్కున్నారనేవాళ్ళు. మీరు అంత నిజాయితీగా తప్పుకుంటే, నేనొచ్చి దాన్ని పాడు చెయ్యనా?" జోవెన్ గొంతు తగ్గించాడు. "మూడు రోజులు ఫోన్‌ని అమ్మకిచ్చి దాచమన్నాను."

"బియ్యం డబ్బాలో పెట్టాను," అంది నానాయ్ లూదీ.

మేడం ఫిలోమెనా గొంతు సవరించుకుంది. "ఫిర్యాదు స్వీకరించాం. రేపు ఆరింటికి చదువుతాం. ఇక మిగిలింది ఒకటే. నెరిస్సా, ఇతనితో నీ సంగతి ఇలా ఉన్నన్నాళ్ళూ నువ్వు రేవు వార్త ముట్టుకోవడానికి లేదు. సముద్రం కబుర్లు కూడా. ఎన్నాళ్ళని రాసుకోమంటావు?"

ఆ ఐదు నిమిషాలంటే ఆమెకి ఏమిటో జోవెన్‌కి తెలుసు. తెప్పల మీద షూటింగ్ చేస్తూ ఎన్నోసార్లు ఆమే చెప్పింది.

"బసిలియోకి ఇచ్చెయ్యండి మేడం," అంది నెరిస్సా. "మళ్ళీ అడగను."

"నాకు పడవెక్కితే తల తిరుగుతుంది!" అన్నాడు బసిలియో. ఎవరూ పట్టించుకోలేదు.

జోవెన్ దగ్గరికొచ్చాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. వాన వల్లే కావచ్చు.

"బాగా ఆలోచించుకున్నావా?" అన్నాడు. మొదటిసారి "మీరు", "అండీ" పోయి "నువ్వు" వచ్చింది.

"మూడు రోజులు ఆలోచించాను," అంది నెరిస్సా. "నువ్వు ఫోన్ చెయ్యలేదుగా. ఖాళీగానే ఉన్నాను."