నూటికి నూరు నీలం

ఎల్బీనగర్ చౌరస్తాలో ఎర్ర లైటు పడితే చాలు, కాలు కాలిన పిల్లిలా అయిపోయే మనిషి బాల్‌రాజ్. మూడో విజిల్‌కే కుక్కర్ మూత తీయమంటాడని భార్య రోహిణి నెత్తి కొట్టుకునేది. అలాంటివాడికి ఏడాదికి వేలెడంత పెరిగే పగడాల మీద మోజు పుట్టింది. ఎవరి ఖర్మకి ఎవరు కర్తలు!

హయత్‌నగర్ అవతల ప్లాట్లు అమ్మే పని అతనిది. హాల్లో టీవీ ఉండాల్సిన చోట నాలుగడుగుల ఉప్పునీళ్ల తొట్టి పెట్టించాడు. లోపల పగడాలు బతికే ఉన్నాయి గానీ, అన్నీ చాయ్ రంగులో ఉండేవి. పగడాలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే, అల్లం ముక్కలు మస్తుగున్నయన్నా అని ఎవరో ఎక్కిరించారు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మర్నాడే దిల్‌సుఖ్‌నగర్ పోయాడు.

అక్కడ సందులో అక్వేరియం దుకాణం నడిపే త్రినాథరావుది కాకినాడ. ముప్పై ఏళ్లయినా యాస మారలేదు. ఎల్‌ఈడీ లైట్లు ఒక్కొక్కటే వెలిగించి చూపిస్తూ, తెల్ల వెలుగు మన కళ్ల కోసం, నీలం వెలుగు పగడం కోసం అన్నాడు. పగడం ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుందట. నాచుకి వెలుగు, పగడానికి నాచు తిండి. వెలుగు చాలకపోతే రంగు తేలదు. ఒక్కసారిగా ఎక్కువైతే ఆ నాచుని కక్కేసి, సున్నంలా తెల్లబడి చచ్చిపోతుంది.

"ఇరవై శాతంతో మొదలెట్టండి. వారానికి ఐదు పెంచండి," అన్నాడు త్రినాథరావు. "తగ్గించాలన్నా అంతేనండి. ఒక్కసారి పెంచినా పోతాయి, ఒక్కసారి ఆపినా పోతాయి."

బాల్‌రాజ్ బుద్ధిగా తలూపాడు. నూటికి చేరాలంటే పదహారు వారాలు. ఇంటికొచ్చి లైటు బిగించి, ఫోన్లో ఆ లైటు యాప్ తెరిచి నీలం గీతను ఇరవై దగ్గర పెట్టాడు. ఒక పూట చూశాడు. సాయంత్రం ఏడింటికి, ఎవరూ లేకుండా చూసి, నూటికి లాగేశాడు. ఆత్రగాడికి బుద్ధి మట్టమని ఊరికే అన్నారా?

అది ఆషాఢం. అతని కూతురు సంతోషికి ఏడేళ్లు. అమ్మ నూరి పెట్టిన గోరింటాకు రెండు చేతులా ఎర్రగా పండింది. ఆ సాయంత్రమే ఆ అరచేతులు అద్దానికి ఆనించి తొట్టి ముందు కూర్చుంది. తెల్ల వెలుగు టైమర్‌తో ఆరిపోయి నీలం ఒక్కటే మిగిలింది. గోడలు, సోఫా, ఫ్యాను రెక్కలు, పిల్ల మొహం, అన్నీ నీలమే. ఉప్పు వాసన. పంపు సన్నగా గుర్రుమంటోంది. అన్నానికి పిలిచేదాకా పిల్ల అక్కణ్ణుంచి కదల్లేదు.

పగడాలు తెల్లబడ్డాయేమోనని పొద్దున భయపడుతూనే లేచాడు. తెల్లబడలేదు. కొమ్మల కొసలు ఎర్రగా పండి ఉన్నాయి. బాల్‌రాజ్ సంబరంగా ఫొటోలు తీస్తుంటే వంటింట్లోంచి రోహిణి పిలిచింది. సంతోషి అరచేతుల్లో గోరింటాకు లేదు. గోళ్ల మీద కూడా ఒక్క చుక్క లేదు. ఆకు మంచిది కాదేమోనని రోహిణి సర్దుకుంది. బాల్‌రాజ్ ఓసారి పిల్ల చేతులకేసి, ఓసారి ఎర్రబడ్డ కొమ్మలకేసి చూశాడు. కానీ గ్రూపులో పొగడ్తల వాన కురుస్తుంటే అనుమానం ఎంతసేపు నిలుస్తుంది?

రెండో రోజు గుండ్రటి పగడం ఒకటి లేత గులాబీకి తిరిగింది. సంతోషి పెదాలు పాలిపోయాయి. మూడో రోజు చెంపలు. దవాఖానకు తీసుకుపోతే రక్తం తీసి చూసి, అంతా మంచిగనే ఉందన్నారు. అన్నారే గానీ, ఆ డాక్టరమ్మ పిల్ల కనురెప్పలు మళ్లీ మళ్లీ ఎత్తి చూసింది.

నాలుగో సాయంత్రం బాల్‌రాజ్ ఇంటికొచ్చేసరికి పిల్ల తొట్టి ముందే ఉంది. అరచేతులు అద్దం మీదే ఉన్నాయి. పేరు పెట్టి పిలిచాడు. నెమ్మదిగా తల తిప్పింది...

కళ్లలో నలుపు లేదు. బియ్యం కడిగిన నీళ్ల రంగు.

ఆమె వెనక, కొమ్మల నడుమ, నిన్న లేని రెండు నల్లటి గుండ్రాలు. అవి మూసుకున్నాయి. మళ్లీ తెరుచుకున్నాయి.

"డాడీ," గుసగుసగా అంది సంతోషి. "లైటెందుకు బంద్ చేసినవ్?"

లైటు నిండుగా వెలుగుతోంది.

బాల్‌రాజ్ ప్లగ్గు పీకేశాడు. చీకట్లో దబ్బున ఏదో పడిన చప్పుడు. నేల తడుముతూ పోతే పిల్ల చెయ్యి తగిలింది. చల్లగా ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టాడు. ఊపిరి లేదు... ఒక్కసారి ఆపినా పోతాయని దుకాణంలో విన్న మాట చప్పున గుర్తొచ్చి, ప్లగ్గు మళ్లీ గుచ్చాడు. నీలం పరుచుకుంది. సంతోషి పెద్దగా ఊపిరి పీల్చుకుంది.

త్రినాథరావుకి ఫోన్ చేశాడు. పగడాల సంగతే చెప్పాడు, పిల్ల సంగతి నోటికి రాలేదు.

"నూరు పెట్టినా తెల్లబడలేదా అండీ?"

"లేదు సార్. మంచి రంగుకొచ్చినయ్."

"అలా జరగదండి. అంత వెలుగు పడితే ఏదో ఒకటి తెల్లబడాలి."

ఆ రాత్రి రోహిణికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. పిల్ల మంచాన్ని హాల్లోకి జరిపి, మంచానికీ తొట్టికీ మధ్య చాప వేసుకుని పడుకుంది. ఇక వారానికి ఐదు. తొంభై ఐదు. తొంభై. బాల్‌రాజ్ పుట్టి బుద్ధెరిగాక ఓపిక పట్టింది అప్పుడే. ప్లాట్ల పని మానేసి ఇన్వర్టర్ పక్కనే కూర్చునేవాడు. తొంభై దగ్గర పిల్ల కింది పెదవి మీద రవ్వంత ఎరుపు తేలింది. మళ్లీ ఇరవైకి దిగాలంటే ఇంకో పద్నాలుగు వారాలని రోహిణి వేళ్ల మీద లెక్కపెట్టి చూపింది. ఇద్దరికీ ఏడుపొచ్చింది.

ఆ వారమే వాన దంచింది. మధ్యాహ్నం పోయిన కరెంటు పొద్దుగూకినా రాలేదు. ఇన్వర్టర్ కుయ్యిమంది. నీలం వణికింది. ఇంకోసారి వణికింది.

ఆరిపోయింది.

బాల్‌రాజ్ కూతురి గుండె మీద చెయ్యి వేశాడు. వాన చప్పుడులో ఏమీ తెలియలేదు. చెవి ఆనించాడు...

"ఉందా?" రోహిణి గొంతు.

కొట్టుకుంటోంది. గట్టిగా, తీరుగా కొట్టుకుంటోంది.

"ఉంది," అన్నాడు. "బిడ్డ ఉంది."

పీడ వదిలిందనుకున్నాడు. నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. రోహిణి చెంపల మీద నీళ్లు తుడవబోయి ఆగాడు. కాలనీ అంతా చీకటి. ఇంట్లో దీపం కూడా పెట్టలేదు. ఆమె కన్నీళ్లు తనకెట్లా కనపడుతున్నాయి? అదీ నీలంగా?

సంతోషి నిద్రలోనే ఆవులించింది. ఆ నోట్లోంచి వెలుగు పడి గోడలు నీలంగా వెలిగాయి. నోరు మూసుకుంది. మసకబారాయి.

తొట్టిలో పగడాల కొమ్మలు ఒక్కొక్కటిగా మంచం వైపు వంగుతున్నాయి.

పిల్ల నోరు మళ్లీ తెరుచుకుంటోంది. ఆ వెలుగు కొమ్మలకు అందకుండా బాల్‌రాజ్ తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. మెత్తగా, నొప్పి కలగకుండా... వేళ్ల సందుల్లోంచి వెలుగు ఇంకా పెరుగుతూనే ఉంది.