చదవని పదో లైను

నేను పుట్టు భయస్తుణ్ణి. బల్లి అంటే భయం, కుక్క అంటే భయం, పెళ్లిళ్లలో ఎవరైనా మైకు చేతికిస్తే చెమటలు పోస్తాయి. అలాంటి నాకు అనంతపురంలో హేమలత మేడం అనే ఎముకల డాక్టరు దగ్గర ఉద్యోగం దొరికింది. టోకెన్లు ఇవ్వాలి. నొప్పి ఉన్న కీలు దగ్గరో, కండను ఎముకకు కలిపే టెండన్ దగ్గరో స్టెరాయిడ్ సూది పడబోయేవాళ్లకు మేడం రాయించిన కాగితం చదివి వినిపించాలి. ఆ కాగితంలో పది లైన్లు. పదీ చదివి సంతకం తీసుకుంటేనే సూది.

ఎనిమిదేళ్లలో ఒకే ఒక్కసారి పదో లైను చదవకుండా కాగితం మడిచేశాను. మల్లీశ్వరిని మొదటిసారి చూసింది ఆ రోజే.

మే నెల. పదిహేడో టోకెన్. నాయన నల్లప్పతో కలిసి కళ్యాణదుర్గం పక్కన పల్లె నుంచి వచ్చింది. కళ్యాణదుర్గంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఎండాకాలం సెలవుల్లో ఇంట్లో విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తుంది. తినే పప్పుకైతే మిషన్ ఉంది గానీ, విత్తనానికి మా వైపు చాలామంది చేత్తోనే ఒలుస్తారు. పప్పు మీది పొర చిట్లితే అది మొలవదని భయం. బొటనవేలితో నొక్కాలి, ఒక్కొక్క కాయా, బస్తాలకు బస్తాలు. పోయిన ఏడాదే ఆమె కుడి మణికట్టు దగ్గర, బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. ఈ ఏడాదికి చాక్‌పీసు పట్టుకోలేని స్థితికి వచ్చింది. పట్టీ కట్టినా, మాత్రలు మింగినా తగ్గలేదు. బొటనవేలిని లాగే టెండన్ వాచిందనీ, ఒక సూది వేసి చూద్దామనీ మేడం చెప్పారు.

మల్లీశ్వరి నేరుగా నా టేబుల్ ముందుకొచ్చి నిలబడింది.

"నాకు సూది వద్దని మేడంకు చెప్పన్నా. వేరే మందేదన్నా ఇయ్యమను."

అన్నా అంది. రోజుకు వందమంది నన్ను అనే మాటే. ఆ రోజు మాత్రం అది సూది కంటే లోతుగా దిగింది.

ఎందుకు వద్దో ఆమే చెప్పింది. వాళ్ల పక్కింటి తిరుపాలమ్మ మోకాళ్ల నొప్పికి బైకు మీద వచ్చే ఆరెంపీ డాక్టరు దగ్గర నెలనెలా సూది వేయించుకునేది. అది చాలక టౌనుకు వచ్చి ఇంకో చోట కూడా వేయించుకునేది. అక్కడి సంగతి ఇక్కడ చెప్పదు, ఇక్కడి సంగతి అక్కడ చెప్పదు. షుగరుందని ఎక్కడా చెప్పలేదు. ఏడాది తిరిగేసరికి షుగరు కొండెక్కింది, మోకాళ్లు మునుపటి కంటే పాడయ్యాయి.

మందు ఒకటే కావచ్చు గానీ మోతాదూ, సూదికీ సూదికీ మధ్య ఎడమూ తప్పితే ప్రమాదమని, ఇక్కడ అందుకే ముందు ఇన్ని ప్రశ్నలు అడుగుతామని చెప్పాను. షుగరు లేదంది. రక్తం పలచబరిచే మాత్రలు వాడటం లేదు, జ్వరం లేదు, ఇంతకు ముందు ఎప్పుడూ ఈ సూది వేయించుకోలేదు. సరే కూర్చోమని కాగితం తీశాను.

మొదటి లైను, ఇది వాపునూ నొప్పినీ తగ్గిస్తుంది గానీ నొప్పి మళ్లీ రాదని హామీ లేదు. రెండోది, సూది వేసిన ఒకటి రెండు రోజులు నొప్పి ఎక్కువ కావచ్చు. మూడోది షుగరు సంగతి. నాలుగోది, సూది వేసిన చోట ఎర్రబడి వేడెక్కి వాపు పెరిగినా, జ్వరం వచ్చినా వెంటనే రావాలి, అది చీము కావచ్చు. అలా చదువుతూ పోతున్నాను. ఒక్కో లైనుకూ ఆమె మొహంలో రక్తం ఇంకిపోతోంది. తొమ్మిదోది, అరుదుగా టెండన్ బలహీనపడి తెగవచ్చు, కాబట్టి డాక్టరు చెప్పినన్నాళ్లు ఆ చేతికి పని పెట్టకూడదు. అది వినగానే ఎడమ చేత్తో వాళ్ల నాయన భుజం మీది తువ్వాలు పట్టుకుంది.

"ఇంకేమన్నా ఉండాదా?" అంది చిన్నగా.

ఉంది. సూది వేసిన చోట చర్మం తెల్లబడవచ్చు, పలచబడవచ్చు. నేను ఆ లైను చూశాను, ఆమె మణికట్టు చూశాను, తువ్వాలును వదలని ఎడమ చెయ్యి చూశాను. ఇంకొక్క లైను చదివితే లేచి వెళ్లిపోతుందనిపించింది. చెయ్యి అలాగే పాడవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, ఆమె వెళ్లిపోతే నేను మళ్లీ చూడలేను.

"ఏం లేదు. అంతే," అని, పదో లైను లోపలికి పోయి సంతకం చోటు మాత్రం కనబడేలా కాగితం మడిచేశాను.

ఆమె ఎడమ చేత్తో వంకరగా సంతకం పెట్టింది.

మరునాడు పొద్దున్నే క్లినిక్‌కు ఫోన్. నొప్పి ఎక్కువైంది, చెయ్యి పోతుందేమో అంది మల్లీశ్వరి. జ్వరముందా, ఎర్రబడిందా అని అడిగాను. లేవంది. మేడంను అడిగి వచ్చి, అది రెండో లైనేనని, ఐసు ముక్కలు గుడ్డలో కట్టి పెట్టుకోమని, రేపటికీ తగ్గకపోతే రమ్మని చెప్పాను. రెండు రోజులకు మళ్లీ ఫోన్. తగ్గిందని చెప్పడానికి.

"జడ నేనే వేసుకున్న్యా ఈ పొద్దు. మా నాయన నన్ను జూసి నవ్వినాడు."

ఆ తర్వాత ఫోన్లకు కారణాలు వెతుక్కున్నాం. చేతికి మెత్తటి వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలని ఆమె అడిగేది, మొదలుపెట్టిందా లేదా అని నేను అడిగేవాణ్ణి. ఏదైనా దాచి మాట్లాడితే "అది ఎన్నో లైను?" అని ఏడిపించేది. నేను నవ్వేవాణ్ణి గానీ ఆ మాట వచ్చిన ప్రతిసారీ వెంటనే ఇంకో సంగతి ఎత్తేవాణ్ణి. జూన్‌లో మొదటి వాన పడినప్పుడు రేకుల మీద చినుకుల మోత నాకు వినిపించడానికే ఫోన్ చేసింది. మా ఊరు బుక్కరాయసముద్రంలో ఆ రోజు చుక్క పడలేదు. అయినా నేను తడిసిపోయాను.

చెయ్యి మేడంకు చూపించడానికి వచ్చిన రోజు బస్టాండు పక్కన బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. మిరపకాయ బజ్జీని కుడి చేత్తో, బొటనవేలితో నొక్కి విరిచి చూపించింది. అప్పుడు గమనించాను, నన్ను అన్నా అని పిలవడం ఎప్పుడో మానేసింది.

పెళ్లి చేసుకోవాలని ఇద్దరం అనుకున్నాక, జూలైలో ఇంట్లో చెప్పాను. మా అమ్మ కదిరమ్మ సంతోషపడింది. ఆగస్టులో ఒక ఆదివారం పిల్లను చూడటానికి వస్తామని నల్లప్పకు కబురు పంపింది.

ఆ ఆదివారానికి ఇంకా పన్నెండు రోజులున్నాయనగా మల్లీశ్వరి ఫోన్ ఎత్తడం మానేసింది.

ఒక రోజు, రెండు రోజులు. మూడో రోజు మెసేజ్ వచ్చింది. ఆదివారం రావద్దు, అంతే. ఎవరైనా ఉద్యోగస్థుడి సంబంధం వచ్చిందేమో, నా జీతం సంగతి తెలిసిందేమో అని నానా రకాలుగా భయపడ్డాను. సెలవు పెట్టి కళ్యాణదుర్గం బస్సెక్కాను. స్కూలు వదిలే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను.

ఆమె బయటికొచ్చింది. కుడి మణికట్టుకు చేతి రుమాలు చుట్టి ఉంది. నన్ను చూసి ఆగి, ఏమీ అనకుండా వేపచెట్టు కిందికి నడిచింది. రుమాలు విప్పింది.

బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ.

"బొల్లి అంటాండాది తిరుపాలమ్మవ్వ. ఊరంతా అదే అంటాండారు. మా నాయన అన్నం తినేది మానేసినాడు. మీ అమ్మకు నువ్వే చెప్పు, ఈ సంబంధం వద్దని."

బొల్లి అంటుకోదు, అది ఎవరి తప్పూ కాదు. ఆ సంగతి నాకు తెలుసు, టీచరుగా ఆమెకూ తెలుసు. కానీ ఊళ్లో పెళ్లి మాటలప్పుడు తెలిసినవేవీ పనికిరావు. సరిగ్గా సూది దిగిన చోటే ఉంది ఆ మచ్చ. అది పదో లైను కావచ్చు.

అప్పుడు నేను చేసిన పని చెబితే మీరు తిడతారు. చెప్పాల్సింది మింగేసి ఇంకో మాట అన్నాను.

"బొల్లి అయితే ఏమి మల్లీ? అది వొళ్లంతా వచ్చినా నేను నిన్నే చేసుకుంటా."

అది అబద్ధం కాదు. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. కానీ ఆమె కళ్లు నిండిపోయాయి. నా చెయ్యి పట్టుకుని, ఇంత మంచి మనిషిని నేను చూడలేదు అంది. అలా నన్ను ఎవరూ చూసి ఉండరు. షేర్ ఆటో స్టాండు దాకా ఆమె వెంట నడిచి, ఆటోలో కూర్చోబెట్టి, ఎదురుగా వచ్చిన అనంతపురం బస్సెక్కేశాను.

బస్సు ఊరు దాటే లోపలే నేను చేసిన పని నాకు తెలిసొచ్చింది. నా మూలంగా వచ్చిన కష్టానికి నేనే దేవుణ్ణై కూర్చున్నాను. పెళ్లయ్యాక ఎప్పుడో ఒక రోజు ఆమె ఆ కాగితం చదువుతుంది. ఆ రోజు ఆమె మొహం ఎలా ఉంటుందో తలుచుకుంటే, ఇప్పుడు చెప్పడం కంటే దానికే ఎక్కువ భయమేసింది. కండక్టరును బతిమాలి దిగిపోయాను. వెనక్కి పరుగెత్తాను.

మా వైపు షేర్ ఆటో నిండేదాకా కదలదు. అదే నన్ను కాపాడింది. డ్రైవరు ఓబులేష్ ఇంకొక్క మనిషి కోసం ఊరి పేరు పెట్టి కేక వేస్తున్నాడు. లోపల పదిమంది మధ్యలో మల్లీశ్వరి ఒదిగి కూర్చుంది. ఆ పదిమంది ముందూ నేను పర్సులోంచి ఆమె సంతకం పెట్టిన కాగితం తీశాను. క్లినిక్ ఫైల్లో ఉండాల్సింది, మే నెల నుంచి నా పర్సులోనే ఉంది. పారేసే ధైర్యం లేదు, చూపించే ధైర్యమూ లేదు.

పదో లైను చదివాను. ఆ రోజు కావాలనే చదవలేదని చెప్పాను. ఇది బొల్లి కాకపోవచ్చని, సూది వల్ల కావచ్చని, మేడం చూస్తే గానీ తెలియదని చెప్పాను.

మల్లీశ్వరి కాగితం తీసుకుని తనే ఒకసారి చదువుకుంది.

"మచ్చ కనబడినప్పటి నుంచి ఇరవై మూడు దినాలు నీకు చెప్పుకోల్యా, అద్దంలో మొగం చూసుకోల్యా. పిల్లోళ్ల పుస్తకాలు ఎడమ చేత్తో ఇచ్చినా." గొంతు పెంచలేదు. "ఇది ముందే చదివింటే సూది వేయించుకుంటానో, వద్దంటానో, అది నా ఇష్టం. నా భయం నాది గదా గంగాధరూ. దాన్ని నువ్వు యాల దాచిపెట్టినావు?"

"ఇంక పోనియ్ ఓబులేషన్నా," అంది. ఇంకో మనిషి ఎక్కకుండానే ఆటో కదిలింది. కాగితం ఆమె దగ్గరే ఉండిపోయింది.

మరునాడు మేడంకు అంతా చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. మేడం కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. సంతకం పెట్టించుకునేది మనల్ని కాపాడుకోవడానికి కాదు, వాళ్లకు తెలియాలని, అన్నారు. ఇంకొక్కసారి ఒక్క లైను మింగినా ఇంటికి పొమ్మన్నారు. తర్వాత తనే మల్లీశ్వరికి ఫోన్ చేసి, జరిగిన తప్పుకు క్షమించమని అడిగి, సోమవారం రమ్మన్నారు.

ఆ సోమవారం వరకు నేను తిన్నదేదీ రుచి తెలియలేదు.

తండ్రీ కూతురూ ఇద్దరూ వచ్చారు. మల్లీశ్వరి నా టేబుల్ వైపు చూడకుండానే లోపలికి వెళ్లింది. మేడం చూసి, పక్క వీధిలో ఉన్న చర్మం డాక్టరు దగ్గరికి పంపారు. గంట సేపు నేను గోడ మీది గడియారాన్ని చూస్తూ కూర్చున్నాను. పదకొండో టోకెన్ ముసలాయన తన పేరు మూడుసార్లు చెప్పినా నాకు వినబడలేదు.

తిరిగొచ్చాక నల్లప్పే చెప్పాడు. బొల్లి కాదంట. సూది మందు వల్లనే ఆ చోట రంగు తగ్గిందంట. చాలామందికి నెమ్మదిగా, ఏడాదికో రెండేళ్లకో రంగు తిరిగి వస్తుందంట, పూర్తిగా వస్తుందని మాత్రం చెప్పలేరంట. ఆ మాటలు చెబుతూ ఆయన మూడు నెలల తర్వాత వాన చూసిన మనిషిలా ఉన్నాడు.

చెప్పి వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. బస్తాలు మోసి మోసి ఆయన కుడి భుజం ఎన్నాళ్లుగానో పైకి లేవడం లేదట. మేడంకు చూపించుకున్నాడు. సూది రాశారు. తువ్వాలు సర్దుకుని నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. వెనకాల మల్లీశ్వరి గోడకు ఆనుకుని నిలబడింది. మణికట్టుకు రుమాలు లేదు.

నేను కొత్త కాగితం తీశాను.

"నా కూతురికి చదివినట్ల చదవద్దప్పా," అన్నాడు నల్లప్ప. "కింద నుంచి పైకి చదువు."

పదో లైనుతో మొదలుపెట్టాను. తొమ్మిది, ఎనిమిది, ఏడు. ప్రతి లైనుకూ ఆగి అర్థమైందా అని అడిగాను. ఆయన ప్రతిదానికీ ఒక ప్రశ్న వేశాడు. తెలియనిచోట తెలియదన్నాను, మేడంను అడిగి వచ్చి చెప్పాను. బెంచీల మీద వాళ్లంతా మాటలు ఆపి వింటున్నారు. మొదటి లైను ముగిసేసరికి నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

నల్లప్ప సంతకం పెట్టాడు. పెన్ను కింద పెడుతూ అడిగాడు.

"ఆదివారం మీ అమ్మను పిల్చుకొస్తాండావా, లేదా?"

నేను మల్లీశ్వరి వైపు చూశాను. ఆమె ముందుకొచ్చి, మచ్చ పైకి కనబడేలా కుడి చెయ్యి నా టేబుల్ మీద పెట్టింది. రెండో చేత్తో తన సంచిలోంచి ఆ పాత కాగితం తీసి నా ముందుకు జరిపింది.

"రాండి. వచ్చేటప్పుడు ఇది తెచ్చి, మీ అమ్మకూ చదువు. ఆ దినం నువ్వేం చేసినావో అది కూడా చెప్పు. అంతా ఇన్నాక కూడా ఆయమ్మకు ఇష్టమైతే, నాకూ ఇష్టమే."

మా అమ్మకు ఆ సంగతి చెప్పడమంటే నాకు బల్లి, కుక్క, మైకు అన్నీ కలిసినంత భయం. అయినా ఆదివారం పొద్దున అమ్మ పక్కన కళ్యాణదుర్గం బస్సులో కూర్చుని, ఆ కాగితాన్ని మడవకుండా చేత్తోనే పట్టుకున్నాను.