ఏనుగు మూలకు వస్తే

"టైలర్ని వెనకదారిన ఎత్తేశాం. ఇక టైలరువి నువ్వే," అంది చెవిలో చీఫ్ గొంతు.

ఏజెంట్ పిచ్చుక టైలరు కుర్చీలో కూర్చుంది. మెడలో కొలతల టేపు వేసుకుంది. టైలరు టోపీ, టైలరు కళ్ళజోడు. వీధి తలుపు గాజుకు కట్టిన తెర మీద తన నీడ అతని నీడలా పడాలి. తెర అవతల ముఠా మనిషి ఒకడు పచార్లు చేస్తున్నాడు. కుట్టుమిషను చప్పుడు ఆగితే లోపలికి వచ్చేస్తాడు. అందుకే ఆమె కాళ్ళు తొక్కుతూనే ఉన్నాయి, సగం కుట్టిన ప్యాంటు సూది కింద నడుస్తూనే ఉంది. చేతులు మాత్రం పక్కనున్న కంప్యూటర్ మీద ఉన్నాయి.

"స్క్రీన్ మీద ఏముంది?" చీఫ్ అడిగాడు. ఆపరేషన్లన్నీ హోంవర్క్ ఇచ్చినట్టు ఇస్తాడని డిపార్ట్‌మెంటంతా ఆయన్ని హెడ్మాస్టారు అంటుంది.

"చదరంగం సార్. ఫ్రెండ్లీ గేమ్. కానీ ఇది ఓడే చదరంగం. తన ముక్కలన్నీ ముందు ఎవరు పోగొట్టుకుంటే వాళ్ళదే గెలుపు."

"తిక్క సన్నాసులు!"

తిక్క కాదు. అలాంటి ఆటను ఎవరూ పట్టించుకోరనే విదేశీ ముఠా నాయకుడు 'డాక్టరు' తన మనిషి టైలరుతో ఆడటానికి దాన్ని ఎంచుకున్నాడు. భూగర్భ రైలు స్టేషన్లో అతని ఆపరేటర్ ఒకడు విషవాయువు సిలిండర్ పక్కన కూర్చుని, ఫోన్లో ఇదే ఆట చూస్తున్నాడు. డాక్టరు నల్ల ఏనుగు మూలగడికి చేరిందా, వాల్వ్ తిప్పేస్తాడు. ఇంకెవరు ఏం చెప్పినా నమ్మొద్దని వాడికి ఆర్డరు.

ఆ ఏనుగు మూలగడికి ఒక్క ఎత్తు దూరంలో ఉంది. దారి ఖాళీ. ఆడాల్సిన వంతు టైలరుది.

స్టేషన్లో ఆ ఆపరేటర్ పక్కనే, నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి పెదాలతో కూర్చున్నది పిచ్చుక సొంత వదిన. డబుల్ ఏజెంట్. ముఠా తమ మనిషనుకుంటుంది, డిపార్ట్‌మెంటు తమ మనిషనుకుంటుంది. పిచ్చుకకైతే అన్నయ్య పెళ్ళినాటి నుంచీ అనుమానమే.

"హలో, పాప లేచిందా?" వదిన గొంతు చెవిలో పలికింది, ఇంటికి ఫోన్ చేసినంత తీరిగ్గా. "పాలు ఇంకా చల్లారలేదు. తొందరపడి పట్టకండి."

పాలు అంటే జిగురు. వదిన లిప్‌స్టిక్ గొట్టంలో ఉన్నది లిప్‌స్టిక్ కాదు. దాన్ని వాల్వ్‌కి పూసేసింది. గట్టిపడేదాకా వాల్వ్ తిరుగుతుంది. వాడి చెయ్యి దాని మీదే ఉంది.

"వదినా, నిజం చెప్పు. పూశావా?"

"ఆడపడుచుకి నమ్మకం కుదిరిన వదిన ఎక్కడైనా ఉందా? నీ పని నువ్వు చూసుకో, తల్లీ."

స్క్రీన్ మీద డాక్టరు మెసేజ్ వెలిగింది. 'ఏంటి టైలరూ, ఆలస్యం? ఒంట్లో బాగాలేదా?'

పిచ్చుక మౌస్ అందుకుంది.

"ఏదో ఒక ఎత్తు వెయ్యి," హెడ్మాస్టారు అన్నాడు. "ఏ ముక్కా పోకుండా చూసుకో. అతన్ని ఆన్‌లైన్లో ఉంచితే ఇల్లు ట్రేస్ చేస్తాం."

ముక్క పోకుండా ఎలాంటి ఎత్తు వేసినా తర్వాతి ఎత్తు ఏనుగుదే. స్టేషన్లో మనుషులు, పిల్లలు, వదిన. పిచ్చుక కళ్ళు బోర్డంతా తడుముకున్నాయి. నెలల తరబడి వీళ్ళ ఆట మీద నిఘా వేసి, వెర్రిమొహాలు ముక్కలన్నీ ఎదుటివాడి నోట్లో పెడుతున్నారేమిటని నవ్వుకునేది. ఇప్పుడు వెలిగింది. ఈ ఆటలో చంపే వీలుంటే చంపి తీరాలి. వేరే ఎత్తు వేస్తే సైట్ ఒప్పుకోదు.

మంత్రిని తీసుకెళ్ళి డాక్టరు బంటు ముందు పెట్టింది.

"మంత్రిని ఇచ్చేశావా?!" హెడ్మాస్టారు గొంతు చీరుకుపోయింది.

"తినక తప్పదు సార్. తింటున్నంతసేపూ ఏనుగును కదపడం కుదరదు."

మిషను టకటకా నడుస్తోంది. అతను ఏనుగును లాగుతున్నాడేమో, సైట్ వెనక్కి తోస్తోందేమో. చివరికి నల్ల బంటు మంత్రిని తినేసింది. ఆమె వెంటనే గుర్రాన్ని ఇచ్చింది. అదీ పోయింది.

'నీకేమైనా పిచ్చా?' డాక్టరు రాశాడు.

'గెలవాలని ఉండదా డాక్టరుగారూ?' టైలరులాగే తప్పులు తప్పులుగా టైపు చేసింది.

తెర మీద నీడ ఆగింది. తలుపు గొళ్ళెం కదిలింది. పిచ్చుక కాళ్ళు పిచ్చెత్తినట్టు తొక్కాయి. నీడ మళ్ళీ కదిలింది.

"వదినా, పాలు?"

"గోరువెచ్చగా ఉన్నాయి."

ఇక మిగిలినవి రాజు, ఒక్క బంటు. రాజును తోసింది. ఈ ఆటలో రాజూ మామూలు ముక్కే. హెడ్మాస్టారు ఏదో గొణిగాడు, దణ్ణం పెట్టుకుంటున్నట్టుంది. డాక్టరు శకటం వచ్చి రాజును తినేసి, సరిగ్గా ఆమె బంటు చంపగల గడిలో నిలబడింది.

పిచ్చుకకు అప్పుడు తట్టింది. రూలు ఇద్దరికీ ఒకటే. ఇప్పుడు చంపి తీరాల్సింది తను. చంపాక వంతు అతనిది, ఎరవేయడానికి ఇంకేమీ లేదు.

"వదినా! చల్లారాయా?"

చెవిలో రైలు హోరు మొదలైంది.

"వదినా!"

హోరు ఇంకా పెరిగింది. పెళ్ళినాటి అనుమానమంతా ఒక్కసారిగా తిరిగొచ్చింది. కళ్ళు మూసుకుని క్లిక్ చేసింది.

కళ్ళు తెరిచేసరికి ఆమె బంటు నల్ల ఏనుగు వరసలో, దాని ముక్కు కింద నిలబడి ఉంది. దాన్ని చంపగల ముక్క డాక్టరుకి ఆ ఏనుగొక్కటే.

తర్వాత ఏనుగు కదిలింది, మూలకు కాదు. బంటును తినేసింది. బోర్డు మీద తెల్లముక్క ఒక్కటీ లేదు. 'ఆట ముగిసింది. విజేత: టైలర్' అంది స్క్రీన్.

చెవిలో ఆపరేటర్ గొంతు, అయోమయంగా: "మేడమ్, ఆట అయిపోయింది. ఇప్పుడేం చెయ్యాలి? తిప్పెయ్యనా?"

ఏదో కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది. తిరగలేదు.

"చేతులిలా చాపు నాయనా," అంది వదిన. గాజుల్లా వేసుకొచ్చిన సంకెళ్ళు క్లిక్కుమన్నాయి. "పాలు చల్లారాయమ్మా. రైలు మోతలో నీకు వినపడి ఉండదు. ఏడుస్తున్నావా?"

"లేదు," అంది పిచ్చుక, ఏడుస్తూ.

"బయటివాణ్ణి ఎత్తేశాం. డాక్టరు ఇల్లు దొరికింది," హెడ్మాస్టారు అన్నాడు. "ఇక కాళ్ళు ఆపమ్మా, ఆ ప్యాంటు ఏ మనిషికీ సరిపోదు."

స్క్రీన్ మర్యాదగా అడిగింది: ప్రత్యర్థికి ఏమైనా చెబుతారా? పిచ్చుక కళ్ళు తుడుచుకుంది. నెమ్మదిగా, ఈసారి తప్పుల్లేకుండా టైపు చేసింది:

'బాగా ఆడారు డాక్టరుగారూ. తలుపు కొడుతున్నది మావాళ్ళే, తీయండి.'