అరవై నిమిషాల నలుపు

టేపు పెట్టిన చోటే ఉంది. అందులో ఉండాల్సిందే లేదు.

శుక్రవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. మహబూబాబాద్, జమాల్ ఫోటో స్టూడియో. సుజాత సొరుగు లాగి మినీ డీవీ టేపు తీసింది. కెమెరాలో పెట్టి ప్లే నొక్కింది. టీవీ తెర మీద నలుపు. ముందుకు తిప్పింది. నలుపే. అరవై నిమిషాల టేపు చివరిదాకా నలుపే.

ఆ టేపులో ఒక చావు ఉండాలి.

గురువారం ఉదయం తొమ్మిది నలభై. ఊరి బయట రైలు గేటు దగ్గర రైల్‌రోకో. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బందోబస్తుకని ఎక్కడి నుంచో దించిన బలగం లాఠీలు లేపింది. ఓదెమ్మ అనే అరవై ఏళ్ల కూలి మనిషి పట్టాల మీద పడింది. తల పగిలింది. దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది.

సాయంత్రానికి పోలీసులు కథ అల్లేశారు. తండా పిల్లగాడు జాల్యా ఆమెను రైలు కట్ట మీది నుంచి తోసేశాడట. హత్య కేసు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మేజిస్ట్రేట్ ముందు హాజరు.

జాల్యా సుజాతకు సొంత అన్న.

సుజాత హైదరాబాద్‌లో యూనివర్సిటీ విద్యార్థిని. మీడియా మేనేజ్‌మెంట్ అండ్ టెక్నాలజీ, చివరి సెమిస్టర్. ఇద్దరు క్లాస్‌మేట్లతో కలిసి సమ్మె మీద ప్రాజెక్టు చేస్తోంది. ఆ పొద్దున గేటు పక్క డాబా ఎక్కి, యూనివర్సిటీ కెమెరాతో అంతా తీసింది. టేపును జమాల్ సొరుగులో పెట్టి, అన్నను పట్టుకుపోయారని పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తింది. ఇవాళ లాయరు చూపించమంటే తీసింది.

పది ముప్పై ఐదుకు ఒకే ఒక్క ఫోన్ చేసింది.

"ఫర్హానక్కా, టేపుల ఏం లేదు."

"దాన్ని ముట్టకు. ఎవ్వల్నీ ముట్టనియ్యకు. వస్తున్న."

ఫర్హానా పోలీసు కాదు. యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌లో ఎక్విప్‌మెంట్ రూమ్ ఇన్‌చార్జి. కెమెరా ఎవడు తీసుకుపోయాడు, ఎట్లా తెచ్చాడు, ఏ కేబుల్ మాయమైంది, ఏ లెన్స్ మీద గీత పడింది, పదకొండేళ్లుగా అదే పని. పోయిన వస్తువు దొరకకుండా ఆమె రిజిస్టర్ మూసింది లేదు. పోలీసులు తమకు కావలసిన దొంగను వెతుకుతారు. ఫర్హానా పోయిన వస్తువును వెతుకుతుంది. తేడా అక్కడే ఉంది.

సమ్మెతో యూనివర్సిటీ మూతపడింది. ఆమె సొంతూరు జనగామలో ఉంది. బస్సుల్లేవు, రైళ్లు లేవు. తమ్ముడు అఫ్జల్ బైకు వెనక కూర్చుని, పాలకుర్తి, తొర్రూరు దాటి, పన్నెండు యాభైకి స్టూడియో ముందు దిగింది.

అక్కడ ముప్పై మంది కుర్రాళ్లు. సగం దించిన షట్టర్. ఒకడి చేతిలో పెట్రోలు సీసా.

"జమాల్‌గాడు పోలీసోళ్లకు శవాల ఫోటోలు తీస్తడక్కా. వాడే అమ్ముకున్నడు."

"నువ్వు చూసినవా?"

"చూసుడెందుకు? తెలుస్తలేదా?"

"షాపు కాలవెడ్తె లోపటున్న టేపు గూడ కాలుతది. తర్వాత జాల్యాను నువ్వు విడిపిస్తవా?"

వాడు చేతిలో సీసా వైపు చూసుకున్నాడు.

"నాలుగింటి దాక ఆగుండ్రి. గా సీసా నా తమ్మునికియ్యి. బండిల పెట్రోల్ అయిపోయింది."

ఎవడో నవ్వాడు. సీసా చేతులు మారింది. ఫర్హానా వంగి లోపలికి పోయింది.

లోపల ఆరుగురు. సుజాత. గోడకు ఆనుకుని ఆమె తల్లి రుక్కి. లాయరు పౌలు. మూలన జమాల్, చెమటలు కక్కుతున్నాడు. ప్రాజెక్టులో మిగతా ఇద్దరు: భూపాలపల్లి గని కార్మికుడి కొడుకు గణపతి, జనగామ వాడు లక్ష్మీకాంత్. లక్ష్మీకాంత్ క్లాసులో ఫస్టు. ఒళ్లో లాప్‌టాప్ బ్యాగు.

"సుజాతా, లెన్స్ క్యాప్ తీసినవా?"

ఆ ప్రశ్నకు పిల్ల ముఖం పాలిపోయింది.

"తీసిననే అనుకుంటున్నక్కా."

"అనుకుంటున్నవా?"

"ఓదెమ్మవ్వ పడ్డది. అన్న దుంకిండు. నా చేతులు వణికినయ్. తెరల కనవడ్డదా, నేనే కండ్లతోని చూసిన్నా... ఇప్పుడు నాకే నమ్మకం లేదు."

లక్ష్మీకాంత్ మెల్లగా అన్నాడు. "తప్పు వట్టకు సుజాతా. అంత గడబిడల క్యాప్ తియ్యుడు మర్చిపోయి ఉంటవు. ఎవలికైనా అయితది."

రుక్కి కూతురి వైపు చూసింది. ఆ చూపుకు సుజాత తల దించుకుంది.

ఫర్హానా టేపు పెట్టింది. "ఫ్యాన్ బంద్ చెయ్యి భాయ్." సౌండు పూర్తిగా పెంచింది. రెండు నిమిషాలు చెవి పెట్టి విన్నది. తర్వాత టీవీకి అడ్డంగా నిలబడి రిమోట్ మీద ఒక బటన్ నొక్కింది. చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంది. టీవీ ఆపేసింది.

"గణపతీ. నిన్న?"

"పదకొండింటికి గిక్కడి నుంచి బండి మీద బయల్దేరిన. మూడింటికి భూపాలపల్లిల గని గేటు కాడున్న. మా బాపు గూడ సమ్మెల కూసున్నడు. కెమెరా చూసి సిగ్గువడి తువ్వాల అడ్డం వెట్టుకున్నడు."

"లక్ష్మీకాంత్?"

"పది యాభైకి గిక్కడి నుంచే పోయిన మేడం. జనగామ చౌరస్తల ధర్నా. రెండింటి నుంచి ఐదింటి దాక తీసిన."

"మధ్యల ఆపలేదా?"

"కెమెరా భుజం దిగలే."

"జమాల్ భాయ్?"

"పోలీసోళ్లు పిలిస్తె శవం ఫోటో తీసిన. పిలిస్తె రానని చెప్పెటంత పెద్దోణ్ణి కాదు మేడం. అంతకు మించి నా కెమెరా బయటికి తియ్యలే."

"ఇయ్యాల పొద్దుగాల?"

"తొమ్మిదింటికి షట్టర్ ఎత్తిన. తొమ్మిది నలభైకి గణపతి వచ్చిండు. పది నిమిషాలకు లక్ష్మీకాంత్. బ్యాటరీలు ఛార్జింగ్ వెట్టుకున్నరు. ఎనక గీ బిడ్డ."

"సొరుగుకు తాళం?"

"లేదు."

"కెమెరాలన్ని బల్ల మీద పెట్టుండ్రి. నీది గూడ భాయ్. నిన్న తీసిన టేపులు గూడ."

ఒంటిగంట ఇరవై. ఒక్కో టేపు ఆడించింది, తిప్పింది, ఆపింది, రాసుకుంది. బయట నినాదాలు. షట్టర్ మీద ఎవడో చేత్తో బాదాడు. పౌలు వాచీ చూసుకున్నాడు.

"అమ్మా, నేను పిటిషన్ రాసుకోవాలె. పిల్లగాన్ని ఈ పూట ఆపకపోతె వరంగల్ జైలే. అక్కడికి పోయినంక బెయిలుకు నెలలు. ఆ వీడియో ఉన్నదా, లేదా?"

"ఉన్నది."

"ఎక్కడ?"

"గీ అర్రలనే."

పౌలు సంచిలోంచి కాగితాలు తీశాడు.

రెండు గంటల ఐదు నిమిషాలకు ఫర్హానా స్టూలు లాక్కుని మధ్యలో కూర్చుంది.

"మొదటి మాట. సుజాత క్యాప్ తీసింది."

సుజాత తలెత్తింది.

"క్యాప్ పెట్టి తీస్తె బొమ్మ రాదు. సౌండ్ వస్తది. మైకుకు మూత లేదు గద. ఐదొందల మంది నినాదాలు, లాఠీ దెబ్బలు, నీ ఏడుపు, అన్ని వినవడాలె. గీ టేపుల గాలి చప్పుడు గూడ లేదు. అంటె ఎవడో తర్వాత దాని మీద నలుపు రికార్డు చేసిండు. చేసెటప్పుడు వాని మాటలు పడకుండ మైకు సాకెట్ల ఉత్త పిన్ను గుచ్చిండు. పోలీసోడైతె టేపు కాలవెడ్తుండె, నమిలి మింగుతుండె. గీ పని నేర్చుకున్నోని పని."

జమాల్ నోరు తెరిచాడు. ఆమె చెయ్యి ఎత్తింది.

"ఆగు భాయ్. రెండో మాట. టేపు మీద బొమ్మ ఒక్కటే పడదు. తారీఖు, టైము గూడ కనవడకుండ పడ్తయ్. రిమోట్ మీద డేటా కోడ్ బటన్ నొక్కితెనే కనవడ్తది. నల్లటి తెర మీద తారీఖు ఎవడు వెతుకుతడు?"

టీవీ పెట్టింది. బటన్ నొక్కింది. నలుపు మీద తెల్లటి అంకెలు. టైము మూడు గంటల ఐదు నిమిషాలు. ఏడాది 2002.

"2002 ఏంది?" అన్నాడు పౌలు. "ఇప్పుడు 2011."

"మా పిల్లలు టేపులు కలగాపులగం చేస్తరు సార్. లేబుల్ అంటియ్యరు. నీదంటె నీదని కొట్లాడ్తరు. విసిగి నేనొక పని చేసిన. ఏ కెమెరాల ఏ టేపు తిరిగిందో తెల్వాలని, ఒకటో నంబర్ కెమెరాల ఏడాది 2001 పెట్టిన. రెండో దాంట్ల 2002. మూడో దాంట్ల 2003. ఎవ్వలికి చెప్పలే. ఎవ్వలు చూడలే కూడ."

బల్ల మీది కెమెరాలను ఒక్కొక్కటే ముట్టింది.

"గణపతిది ఒకటి. సుజాతది మూడు. జమాల్ భాయ్ కెమెరాల తారీఖు సరిగ్గున్నది. పెండ్లోళ్లకు బొమ్మ మూలకు తారీఖు ఉండాలె గద. రెండో నంబర్ ఎవలిది?"

గణపతి పక్కకు తిరిగి చూశాడు.

"గడియారం ఖరాబై ఉంటది మేడం," అన్నాడు లక్ష్మీకాంత్.

"అయితె నీ ధర్నా టేపు చూద్దాం. అది గూడ 2002. మూడు గంటల రెండు నిమిషాలకు జనం. దాని ఎంబడే వచ్చే బొమ్మ నాలుగు గంటల పది. నడుమ గంట మాయం. భుజం దిగలేదంటివి గద. ఆ గంట ఈ టేపుల ఉన్నది."

లక్ష్మీకాంత్ బ్యాగును దగ్గరికి లాక్కున్నాడు. గణపతి వాడి కాలర్ పట్టుకున్నాడు.

"ఎంతకమ్ముకున్నవ్‌రా?"

"అమ్ముకోలే." లక్ష్మీకాంత్ కాలర్ విడిపించుకున్నాడు. "టీవీ ఛానల్ల తెలిసిన అన్న ఫోన్ చేసిండు. వేరెవ్వరి దగ్గర లేకపోతెనే ఎక్స్‌క్లూజివ్ అన్నడు. క్లాసుల గూడ గదే చెప్పిన్రు గద. సోమవారం ప్రైమ్ టైమ్. నా పేరు వేస్తమన్నరు, ఉద్యోగమిస్తమన్నరు. నిన్న పోతూ సొరుగుల నుంచి టేపు తీస్కపోయిన. మాయమైతె మీరు వెతుకుతరని చెరిపి పొద్దుగాల తెచ్చి పెట్టిన. టీవీల వచ్చినంక జాల్యా అన్న ఎట్లయినా బయటికొస్తుండె."

"సోమవారం దాక ఆయన లోపట ఏం జేస్తడు?" అంది సుజాత. "పేపర్ చదువుకుంటడా?"

రుక్కి కూతురి చెయ్యి తట్టింది. "ఎక్స్‌క్లూజివ్ అంటె ఏందే?"

"ఉన్నదాన్ని ఇంకెవలికి లేకుండ చేసుడు, యాడీ."

ఫర్హానా చెయ్యి చాపింది. "లాప్‌టాప్."

"మేడం..."

"ఒక్కటే ఉంటె విలువ అన్నోడు ఆ ఒక్కటి పారెయ్యడు. తియ్యి."

తీశాడు. పదమూడు జీబీ ఫైలు. ప్లే నొక్కాడు.

పట్టాలు. జనం. లాఠీలు. నీలం చీరలో ఓదెమ్మ రెండు చేతులూ తల మీద పెట్టుకుని వంగింది. హెల్మెట్ లేని ఒక యూనిఫాం మనిషి, ముఖం పూర్తిగా కెమెరా వైపే, ఒకటి కొట్టాడు. ఆమె పడ్డాక ఇంకొకటి. అప్పుడు జాల్యా జనాన్ని చీల్చుకుని దూకాడు. ఆమెను భుజాన వేసుకున్నాడు. అతని వీపు మీద కూడా లాఠీ పడుతూనే ఉంది.

రుక్కి తెర మీద కొడుకు వీపును వేలితో ముట్టింది.

"సంబరపడకుండ్రి," అన్నాడు పౌలు. "ఇది అసలు టేపు కాదు. కంప్యూటర్ కాపీ. ఎవిడెన్స్ యాక్టు 65-బి కింద సర్టిఫికెట్ కావాలె. లాప్‌టాప్ ఎవనిదో వాడు సంతకం చెయ్యాలె. ఎప్పుడు, ఎట్ల కాపీ చేసిండో రాయాలె. లేకపోతె జడ్జి దీన్ని ముట్టడు."

రెండు నలభై.

"అట్ల రాస్తె నేను దొంగనని నేనే రాసిచ్చినట్టు," అన్నాడు లక్ష్మీకాంత్.

"అవును," అంది ఫర్హానా.

"డిగ్రీ పోతది."

"పోవచ్చు. పోదని నేను అబద్ధం చెప్ప."

గణపతి షట్టర్ వైపు నడిచాడు. "బయట ముప్పై మంది ఉన్నరు. ఒక్క మాట చెప్త. సంతకం ఎట్ల పెట్టడో చూద్దాం."

"కూసో." ఫర్హానా గొంతు పెరగలేదు. "కొట్టి పెట్టిస్తె అది సంతకం కాదు. కోర్టుల ఒక్క మాటంటె మొత్తం పోతది. లక్ష్మీకాంత్, ఎనక తలుపు తీసే ఉన్నది. పోతనంటె పో. ఎవ్వలు ఆపరు."

పౌలు కాగితం రాసి బల్ల మీద పెట్టాడు. మీద పెన్ను పెట్టాడు. మూడు దాటింది. మూడు పది. లక్ష్మీకాంత్ వెనక తలుపు వైపు చూశాడు. కాగితం వైపు చూశాడు.

"నువ్వైతె పెడుతుంటివా సుజాతా?"

"నేనైతె గిక్కడి దాక రాకపోదును."

మూడు పద్దెనిమిదికి పెన్ను తీసుకున్నాడు.

నాలుగు ఇరవై ఐదు. కోర్టు హాలు. మేజిస్ట్రేట్ వీడియో రెండు సార్లు చూశాడు. సర్టిఫికెట్ చదివాడు. అద్దాలు తీశాడు.

"లక్ష్మీకాంత్ ఎవరు?"

లేచి నిలబడ్డాడు.

"ఈ వీడియో మీరు తీసిందేనా?"

"కాదు సార్. సుజాత తీసింది. నేను దొంగతనం చేసిన."

టైపు మిషన్ చప్పుడు ఆగింది. టైపిస్టు కళ్లెత్తి చూసింది. మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది.

నాలుగు నలభై ఒకటికి మేజిస్ట్రేట్ రిమాండ్ తిరస్కరించాడు. సీఐ ముఖం ముడుచుకుని జాల్యా బేడీ విప్పాడు. అదే బేడీ చేతిలో పట్టుకుని, వరండాలో లక్ష్మీకాంత్ వైపు రెండడుగులు వేశాడు.

ఫర్హానా అడ్డం వచ్చింది.

"ఆ టేపు నా రిజిస్టర్‌ది సార్. ఫిర్యాదు రాసేదుంటె నేను రాస్త. మీరు ముందు ఓదెమ్మను కొట్టినోని పేరు రాసుకోండ్రి. మొఖం సాఫ్ కనవడుతనే ఉన్నది."