చందమామ మీద పరుపు

"ఆటలు కావాలా? ఇది చూడు. నవ్వు రావాలా? ఇదిగో, ఇది."

మధ్యాహ్నం అన్నాలయ్యాక సునీల్ బడి వరండాలో వెబ్‌సైట్ల పేర్లు పంచుతున్నాడు. డాక్టర్ మందులు రాసినంత ధీమాగా చెబుతున్నాడు. అందులో ఒక్క సైటైనా వాడు తెరిచి చూసింది లేదు. అన్నయ్య ఫోన్‌లో పైపైన బొమ్మలు చూశాడు, పేర్లు గుర్తుపెట్టుకున్నాడు. అంతే!

గ్రేసీ వచ్చింది. కిరందుల్ రైల్వే క్వార్టర్లలో వాళ్లది సునీల్ పక్కిల్లే.

"రేపు శనివారం కదా, పుస్తకాలు తేనక్కర్లేని బ్యాగ్‌లెస్ డే. క్లాసు గోడంతా నాకే ఇచ్చారు మిస్. చందమామని వేస్తాను. దగ్గర్నుంచి ఎలా ఉంటుందో చూడాలి. ఏ సైటు బాగుంటాది?"

సునీల్‌కి ఎప్పుడో చూసిన పెద్ద చందమామ బొమ్మ గుర్తొచ్చింది. వెంటనే ఆ సైటు పేరు చెప్పేశాడు.

"నువ్వు చూశావా?"

"చూడకుండా చెప్తానేటి!"

గ్రేసీ నాన్న దేవదానం రైలు పట్టాలు చూసుకునే ట్రాక్‌మ్యాన్. ఆయన ఇంటికొచ్చి స్నానం ముగించేదాకే గ్రేసీకి ఫోన్ దొరుకుతుంది. ఆరోజు ఆయన బడి వదిలే వేళకి ఇంటికొచ్చి, స్నానం చేసి మళ్లీ డ్యూటీకి వెళ్లాలి. బడి నుంచి రాగానే గ్రేసీ గబగబా సైటు తెరిచింది. అది ఫోన్ నంబర్ అడిగింది. నాన్న నంబర్ కొట్టింది. చందమామ వచ్చింది. దాని మీద ఒక పరుపు. పరుపు మీద గురక పెడుతున్న ఒక లావుపాటాయన. పక్కనే డిస్కౌంట్!

ఈలోపు నాన్న స్నానం అయిపోయింది. ఫోన్ వెళ్లిపోయింది.

సాయంత్రం డ్యూటీలో దేవదానానికి ఫోన్ వచ్చింది. చేతులకి గ్రీజు ఉందని స్పీకర్ పెట్టాడు. పక్కనే పెద్ద సార్ ఉన్నారు.

"నమస్తే సర్! మీ నడుం నొప్పి ఎలా ఉంది?" అంది ఒక తియ్యటి గొంతు, హిందీలో.

పెద్ద సార్ కంగారుపడ్డారు. "నడుం నొప్పా? నాకు చెప్పలేదే!"

"అయ్యో, లేదు సార్!" అన్నాడు దేవదానం. ఎంత లేదంటే అంత ఉందనుకున్నారు ఆయన. తిన్నగా రైల్వే ఆసుపత్రికి పంపించారు. అక్కడ వంగమన్నారు, లేవమన్నారు, మళ్లీ వంగమన్నారు. ఇంటికొచ్చేసరికి నిజంగానే నడుం పట్టేసింది.

"నాకు నడుం నొప్పని ఎవడు సెప్పాడే ఆ పరుపులోళ్లకి? ఇంకోసారి నా ఫోన్ ముట్టుకున్నావంటే చూడు!"

ఆ కేక సునీల్ వాళ్లింట్లోకి కూడా వినబడింది. వెనకాలే గ్రేసీ ఏడుపు.

"రేపు గోడ మీద ఏటి వెయ్యను నాన్నా? పరుపా?"

సునీల్‌కి నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. చేతిలో జంతిక ఉన్నా తినబుద్ధి కాలేదు. లేచి పక్కింటికి వెళ్లాడు.

"మావయ్యా, గ్రేసీ తప్పు లేదు. ఆ సైటు చెప్పింది నేను. నేను చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను."

"సూడకుండా ఎలా సెప్పావురా?"

"బొమ్మ బాగుంది మావయ్యా."

అప్పుడే ఫోన్ మోగింది. మళ్లీ పరుపులవాళ్లే. దేవదానం ఫోన్ సునీల్ చేతిలో పెట్టాడు. "నువ్వే మాటాడు."

సునీల్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. వచ్చిన హిందీ అంతా కలిపి, నడుం బాగుందనీ, పరుపు వద్దనీ, తాము చాప మీదే హాయిగా పడుకుంటామనీ వివరించాడు. చివర్లో ఎందుకో "హ్యాపీ బర్త్‌డే" కూడా చెప్పాడు.

దేవదానం పకపకా నవ్వాడు. నవ్వితే నడుం పట్టేసింది. "అమ్మా!" అని కూర్చున్నాడు. "ఫోన్ నీ దగ్గరే ఉంచు. ముందు నువ్వు సూడు. బాగుంటేనే పిల్లకి సూపించు."

సునీల్ వెతికాడు. ఒకటి నంబర్ అడిగింది. మూసేశాడు. ఇంకోదాని నిండా ప్రకటనలే. మూసేశాడు. తర్వాతిదాంట్లో శాస్త్రవేత్తలు తీసిన అసలు ఫొటోలు దొరికాయి. చందమామ నిండా గుంటలు, గుంటల్లో గుంటలు! చివరిదాకా చదువుతూ, ఎందుకు తెరిచాడో కూడా మరిచిపోయాడు.

"ఒరే, నాకివ్వరా!" అని గ్రేసీ లాక్కుంది.

మర్నాడు గోడంత చందమామ సిద్ధమైంది. గుంటలు నిజమైనవేనేమో అని మిస్ వేలు పెట్టి చూశారు. ఆ వేలికి తడి రంగు అంటుకుంది. పిల్లలు సునీల్ చుట్టూ మూగారు.

"ఆ సైటు మాకూ చెప్పరా!"

చెప్పాడు.

"మరి పాములకి ఏది బాగుంటాది?" అడిగాడు జానీ.

సునీల్ నోరు అలవాటుగా తెరుచుకుంది. నాలుగు పేర్లు నాలుక చివరిదాకా వచ్చాయి కూడా. వాడు వాటిని మింగేశాడు.

"తెలీదురా. నేను చూడలేదు. చూసి సోమవారం చెప్తాను."