వెనక గదికి మూడు గీతలు

"వీధిలో నిలబడితే సిగ్నల్ నాలుగు గీతలు. మా దుకాణంలో అయిదు. నా గదిలో మాత్రం ఒక్కటే, అదీ ఉన్నట్టుండి పోతుంది. ఇంతకీ కనెక్షన్ మా ఇంటికి ఇచ్చారా, వీధికి ఇచ్చారా?"

లాప్‌టాప్ చంకలో పెట్టుకుని నగ్మా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. బ్రాడ్‌బ్యాండ్ షాపు నుంచి వచ్చిన ఇషాక్ చెప్పులు విప్పబోయి, మళ్ళీ తొడుక్కుని, మళ్ళీ విప్పాడు.

"మీ నాన్నగారు ఎక్కడ పెట్టమంటే అక్కడే పెట్టానండి మోడెమ్."

"ఆయన చూరు మీద పెట్టమంటే చూరు మీద పెడతారా?"

"నిచ్చెన ఇస్తే పెడతానండి."

నగ్మాకి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వుని అక్కడే నొక్కేసింది. శనివారం పరీక్ష పెట్టుకుని ఇవాళ నవ్వులేమిటి?

అది రెండువేల తొమ్మిది, ఏప్రిల్ నెల. గుంటూరులో వైఫై ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో నగ్మా నాన్న పరుపుల మాలిక్ ఇల్లు ఒకటి. ముందు గది దుకాణం. అందులో దూది ఏకే మిషను, కుట్టిన పరుపులు, కుట్టాల్సిన పరుపులు, వాటి మధ్య మోడెమ్. దాని వెనక హాలు, ఆ వెనక నానమ్మ సర్దార్‌బీ గది, వంటగది. అన్నీ దాటాక చిట్టచివర నగ్మా గది. డాక్టర్లు మాట్లాడిన రికార్డింగులు విని టైపు చేసే ఉద్యోగానికి ఆమె శనివారం పదకొండింటికి ఆన్‌లైన్‌లో గంటసేపు పరీక్ష రాయాలి. పాసైతే ఇంట్లో కూర్చునే ఉద్యోగం. మధ్యలో నెట్ పోతే మళ్ళీ రాయనివ్వరు. మాలిక్ కూడా ఒక మాట అనేశాడు, "తప్పావో, ఆ నెట్ పీకించేస్తా."

ఇషాక్ లాప్‌టాప్ పట్టుకుని గది గదీ తిరిగాడు. హాల్లో నాలుగు గీతలు. సర్దార్‌బీ గదిలో రెండు.

"ఈ ఇనప బీరువా ఇటు జరిపితే..."

"నా బీరువా మీద చెయ్యి వేస్తే విరగ్గొడతా," అంది మంచం మీంచి సర్దార్‌బీ. "ఇంతకీ ఎవరబ్బాయివి?"

"పెదకాకాని అలీ సాహెబ్ గారి అబ్బాయినండి."

"ఆహా," అంది సర్దార్‌బీ. ఆ ఒక్క ముక్కలో చాలా సంగతులు ఉన్నాయి.

మోడెమ్‌ని హాల్లోకి మారిస్తే సరిపోతుందని ఇషాక్ తేల్చాడు. మాలిక్ ఒప్పుకోలేదు. గడపల మీదుగా వైరు లాగితే సర్దార్‌బీ కాలికి తగిలి పడుతుంది. గోడ మీద లాగుదామంటే, కొత్తగా రంగులు వేయించిన గోడకి ఒక్క మేకు కూడా కొట్టనివ్వనన్నాడు.

"అసలు అది ఇక్కణ్ణుంచి కదలదు. ఆ పచ్చ లైటు నా కళ్ళ ముందే మెరవాలి. అది మెరిస్తే మా అమ్మాయి నెట్‌లో ఉన్నట్టు. నాకు తెలియాలి కదా!"

నగ్మా నోరు తెరిచేలోపు ఆకాశం నోరు తెరిచింది. ఉరుము, వెనకాలే టపటపా చినుకులు. మేడ మీద సంవత్సరానికి సరిపడా మిరపకాయలు ఎండుతున్నాయి.

"కాయలు తడిసిపోతాయే!" అని సర్దార్‌బీ అరిచిన అరుపుకి నగ్మా లాప్‌టాప్ మూసి నానమ్మ మంచం మీద పడేసి పరిగెత్తింది. వెనకే ఇషాక్. అతనెందుకు పరిగెత్తాడో అతనికే తెలియదు. ఇద్దరూ తడుస్తూ కాయలు దోసిళ్ళతో గోతాల్లోకి ఎత్తారు. ఆఖరి దోసిలి ఎత్తి, మొహం మీద నీళ్ళు తుడుచుకోవడానికి ఇషాక్ చేత్తో కళ్ళు రుద్దుకున్నాడు.

"అయ్యో! గుంటూరు వాళ్ళేనా మీరసలు? కాయలు పట్టుకున్న చేత్తో కళ్ళు నులుముకుంటారా?"

"ఏం కాలేదండి," అన్నాడు ధారగా ఏడుస్తూ.

నగ్మా చెంబుతో నీళ్ళు పోసింది. ఎర్రబడ్డ కళ్ళు కష్టపడి తెరిచి అతను చూసిన మొదటి చూపు తిన్నగా ఆమె మీదే పడింది. ఆమె రెండో చెంబు కాస్త గట్టిగానే కొట్టింది.

కిందకి దిగేసరికి మాలిక్ నిప్పులు తొక్కుతున్నాడు.

"చూడు, ఆ లైటు చూడు! ఎలా మెరుస్తోందో! నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. ఇంతింతసేపు ఎవరితోనే నీకు నెట్‌లో కబుర్లు?"

నగ్మా చేతిలో మిరపకాయల గోతం. జడలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నేను మేడ మీద ఉన్నాను నాన్నా. లాప్‌టాప్ నానమ్మ మంచం మీద మూసి ఉంది."

"మరి లైటెందుకు మెరుస్తోంది? నా కళ్ళు అబద్ధమా?"

మూడు రోజుల నుంచి తండ్రి ముభావంగా ఎందుకున్నాడో నగ్మాకి అప్పుడు తెలిసింది. ఒళ్ళు మండిపోయింది. జవాబు చెప్పేలోపు ఇషాక్ ముందుకొచ్చాడు.

"తప్పు నాదండి. పాస్‌వర్డ్ పెట్టకుండా వెళ్ళిపోయాను. ఎదురు మేడ మీది కాలేజీ కుర్రాళ్ళు మీ నెట్ వాడుకుంటున్నట్టున్నారు. మీ అమ్మాయిని అనకండి, అనాల్సింది నన్ను."

మాలిక్ అనాల్సినవన్నీ అన్నాడు. ఇషాక్ తల వంచుకుని విన్నాడు. వినడం అయ్యాక లాప్‌టాప్ నగ్మా ముందు పెట్టి పక్కకి తిరిగి నిలబడ్డాడు. ఆమె ఏదో పాస్‌వర్డ్ కొట్టింది. ఆ పచ్చ లైటు మెరవడం ఆగింది. ఎదురు మేడ మీంచి "ఒరేయ్, పోయిందిరా!" అని కేక వినిపించింది.

మాలిక్ కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"సరేలే. పరీక్ష ఇక్కడే రాసుకో. కుర్చీ వేస్తా, మిషను ఆపేస్తా."

"మిషను ఆపుతారు. బజారు ఆపుతారా? నేనిక్కడ రాయను నాన్నా. నా గదిలోనే రాస్తాను, తలుపేసుకుని మరీ రాస్తాను. తలుపు వెనక ఉన్నంత మాత్రాన నేను తప్పు చేస్తున్నట్టు కాదు. ఆ లైటుని నమ్మారు, నన్ను నమ్మలేదు!"

గదిలోనే రాసుకోమన్నాడు మాలిక్. అలాగని మోడెమ్ కదలడానికీ వీల్లేదన్నాడు. మగవాడి మాట, అందులోనూ పరుపుల మాలిక్ మాట.

ఇషాక్ వంటగది వైపు చూస్తున్నాడు. అక్కడ గోడకి ఆనించి సర్దార్‌బీ బిర్యానీ డేగిసా మూత ఉంది. అల్యూమినియంది, బండి చక్రమంత.

"మోడెమ్ కదలక్కర్లేదండి. వీధిలోకి పోయే సిగ్నల్‌ని ఇంట్లోకి తిప్పితే చాలు. మామ్మగారూ, ఆ మూత ఇస్తారా?"

మోడెమ్ వెనక మూత నిలబెట్టి, లోపలి పల్లం ఇంటివైపు ఉండేలా తిప్పాడు. నగ్మా వెనక గదిలోంచి చెబుతోంది. "ఒకటే... ఒకటే... ఆగండి, రెండు! కొంచెం ఎడమకి. మూడు! కదపకండి, మూడు!"

గురువారం ఇషాక్ 'ఒకసారి చెక్ చేద్దామని' వచ్చాడు. శుక్రవారం కూడా వచ్చాడు. శనివారం పదిన్నరకే వచ్చి పరుపు మీద కూర్చున్నాడు.

"ఏకులా వచ్చి మేకులా కూర్చున్నాడే ఈ అబ్బాయి," అంది సర్దార్‌బీ. దూది ఏకే ఇంట్లో ఆ సామెతకి ఎవరూ అర్థం అడగరు.

నగ్మా తలుపేసుకుంది. ఇరవై నిమిషాలు బాగానే గడిచింది. ఉన్నట్టుండి ముందు గదిలో ఏదో ధడాలున పడింది. మూడు గీతలు ఒకటైపోయాయి. చెవిలో డాక్టరు గొంతు తెగిపోయింది. కేక వేద్దామనుకునేలోపు రెండు గీతలు. తర్వాత మూడు. ఆ మూడూ పరీక్ష అయ్యేదాకా కదల్లేదు.

'మీరు ఉత్తీర్ణులయ్యారు' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క తెర మీద కనిపించగానే ఒక్క పరుగున ముందు గదిలోకి వచ్చి ఆగిపోయింది.

మాలిక్ రెండు చేతులతో మూత పట్టుకుని మోడెమ్ వెనక నిలబడి ఉన్నాడు. మీసాలకి దూది అంటుకుని ఉంది.

"చూడమ్మా మీ నాన్న!" అన్నాడు పరుపు కోసం వచ్చిన బాపయ్య. "ఫ్యాను గాలికి ఆ మూత పడింది. అప్పట్నుంచి అలాగే పట్టుకున్నాడు. దింపవయ్యా అంటే, మా అమ్మాయి పరీక్ష రాస్తోంది అంటాడు. ఈ అబ్బాయికి కూడా ఇవ్వడు."

"పాసయ్యాను నాన్నా."

మాలిక్ మూత ఇంకా దింపలేదు.

"అయిపోయింది కదా, నా మూత నాకిచ్చెయ్యండి," అంది సర్దార్‌బీ.

"ఇక రోజూ కావాలి నానమ్మా, ఉద్యోగం వచ్చింది."

"మరి నీ పెళ్ళి బిర్యానీ మీద ఏం మూసేదే?"

నగ్మా తిన్నగా ఇషాక్ వైపు తిరిగింది.

"తప్పు నాదని మా నాన్న ముందు నిలబడి చెప్పారే, అప్పట్నుంచి మీరంటే నాకిష్టం. అడగాల్సింది మీరు. మీరు అడిగేలోపు ఆ మూత తుప్పు పట్టేలా ఉంది, అందుకే నేనే చెప్పేస్తున్నా."

"అల్యూమినియం తుప్పు పట్టదండి."

"అదా మీ జవాబు?"

"కాదండి." ఇషాక్ గొంతు సవరించుకున్నాడు. "గురువారం మీ సిగ్నల్ బాగానే ఉంది. శుక్రవారమూ బాగానే ఉంది. ఊరికే వచ్చాను."

మాలిక్ కూతురి మొహం చూశాడు. ఆ మొహంలో బెదురు వెతికాడు, దొరకలేదు. పచ్చ లైటు మెరుస్తోంది, ఆయన అటు చూడనే లేదు. మూత తీసుకెళ్ళి తల్లి చేతుల్లో పెట్టి, ప్లగ్గు పీకి, మోడెమ్ పట్టుకుని హాల్లోకి నడిచాడు.

"పెళ్ళికి మూత కావాలిగా మరి. ఇది ఈ గోడకి తగిలిద్దాం. అబ్బాయ్, నిచ్చెన వెయ్యి. అమ్మా, ఆ సుత్తీ మేకూ ఎక్కడున్నాయి?"

"సుత్తి గూట్లో ఉంది," అంది సర్దార్‌బీ మూతని కొంగుతో తుడుచుకుంటూ. "మేకు ఎందుకురా వేరే? మూడు రోజుల్నుంచీ నీ ఎదురుగానే కూర్చుందిగా!"